తళతళ గారింటి చేపల తొట్టి

ఆ ఆదివారం పొద్దున లాండ్రీ తళతళ గారు ఒక నత్తను మింగారు.

పెద్ద నత్తేమీ కాదు, చొక్కా గుండీ అంత. హాల్లో చేపల తొట్టి ముందు గొంతుక్కూర్చుని, రబ్బరు గొట్టం ఒక కొసను నీళ్లలో ముంచి, రెండో కొసను నోట్లో పెట్టుకుని ఆయన గట్టిగా పీల్చారు. నీళ్లు నోటిదాకా వచ్చేలోపే గొట్టాన్ని కింద బకెట్లోకి వదిలేయాలి. వదిలేవారే. కానీ నీళ్లకంటే ముందు నత్త వచ్చింది. ఆయన కాసేపు బుగ్గలు పూరించుకుని గోడ గడియారం వంక చూస్తూ ఉండిపోయారు. తర్వాత గుటక వేశారు.

వంటింటి గుమ్మంలోంచి చూస్తున్న భార్య అడిగింది. "మంచినీళ్లు తేనా?"

"వద్దు. తాగాను," అన్నారాయన.

తొట్టి పక్క కుర్చీలో కూర్చున్న అక్కగారు మాత్రం నవ్వలేదు. "ఒరేయ్, ఉన్నది అదొక్కటే రా. అద్దానికి పట్టిన పాచంతా అదే నాకేది. ఇకనుంచి ఎవరు నాకుతారు, నువ్వా?"

భార్య చేతిలో ఉన్న తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. లోపలినుంచి గిన్నెలు కిందపడిన చప్పుడు, ఆ చప్పుడు వెనక పగలబడి నవ్వు. ఆ నవ్వు గనక లేకపోతే ఆ పూట నాలుగు బకెట్ల నీళ్లు మార్చి ఊరుకునేవారేమో. నవ్వు వినబడింది. ఇక ఊరుకోలేదు.

తళతళ అన్నది ఆయన పేరు కాదు. వీధి పెట్టింది. పేరు ఏదో ఉంది గాని షాపు బోర్డు మీద కూడా లేదు. పాతికేళ్లుగా పెద్ద హోటళ్ల దుప్పట్లు, బల్లగుడ్డలు, ఆఫీసులవాళ్ల తెల్లచొక్కాలు ఉతికి ఇస్తున్నారు. మనిషి ఎదురైతే ఆయన చూపు ముఖం దాకా పోదు, కాలరు దగ్గర ఆగిపోతుంది. "ఏం బాబూ, కులాసానా?" అని అడుగుతూనే చేత్తో మీ జేబు పక్కనున్న సిరా చుక్కను గోకి చూస్తారు. మొన్న మా వీధి చివర పెద్దాయన పోతే అందరితోపాటు చూడ్డానికి వెళ్లారు. ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే మీద కప్పిన దుప్పటి అంచును రెండు వేళ్లతో ఎత్తి, "ఇది ఎక్కడిచ్చారండీ ఉతకడానికి?" అని మెల్లిగా అడిగారు. మనసులో చెడుద్దేశం ఉండి కాదు. నిజంగానే తెలుసుకుందామని.

షాపులో ఆయనదొక పరీక్ష ఉంది. ఆఖరిసారి జాడించిన నీళ్లను గాజుగ్లాసులో పట్టి, గ్లాసు వెనక న్యూస్‌పేపరు పెట్టి చూస్తారు. పెద్దక్షరాలు కనబడితే చాలదు. చిన్నక్షరాలు కూడా చదవగలిగితేనే సబ్బు వదిలినట్టు. లేదంటే గుడ్డలన్నీ మళ్లీ నీళ్లలోకి పోవలసిందే. ఆ పరీక్ష వల్లే ఆయనకు పేరొచ్చింది. దానివల్లే పనివాళ్లు ఎక్కువకాలం నిలవరు.

ఇక అక్కగారు. ఆవిడ పళ్ల డాక్టరు గారి క్లినిక్కులో ముందుగదిలో కూర్చుని చీటీలిచ్చేవారు. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగమంతా ఆ ఒక్క కుర్చీలోనే గడిచింది. దవడ పట్టుకుని వచ్చినవాళ్లందరికీ ఆవిడ చెప్పే మాట ఒకటే: "నొప్పేం ఉండదండీ, కూర్చోండి." లోపలినుంచి కేకలు వినబడుతున్నా ముఖం మారకుండా చెప్పేవారు. కూర్చున్నవాళ్లు చూడ్డానికి ముందుగదిలో ఒక చేపల తొట్టి ఉండేది. అందులో ఉన్న బంగారు చేప అస్తమానం నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుందని డాక్టరు గారు దానికి 'పేషెంటు' అని పేరు పెట్టారు. "పేషెంటుకి తిండి పెట్టారా?" అని ఆయన లోపలినుంచి కేకేస్తే, కొత్తగా వచ్చినవాళ్లు కంగారుపడి లేచి నిలబడేవారట.

డాక్టరు గారి చేతులు వణకడం మొదలయ్యాక క్లినిక్కు మూసేశారు. కుర్చీ అమ్ముడుపోయింది, సామాన్లు అమ్ముడుపోయాయి. తొట్టిని ఎవరూ అడగలేదు. దాంతో అక్కగారు ఒక చేతిలో పెట్టె, ఆటోలో ఒళ్లో తొట్టి పెట్టుకుని తమ్ముడింటికి వచ్చేశారు. "ఇది నీ ఇల్లే అక్కా, ఎన్నాళ్లయినా ఉండు," అన్నారు తళతళ గారు. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆవిడకిచ్చిన చిన్నగదిలో మంచం వేస్తే తొట్టికి చోటు లేక, దాన్ని హాల్లో పెట్టారు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

తొట్టిలో నీళ్లు తేటగా ఉండేవి కావు. అలాగని మురుగూ కాదు. పల్చటి టీ రంగులో ఉండేవి. అడుగున ఒక ఎండిన బాదం ఆకు పడుకుని ఉండేది. డాక్టరు గారు వేసేవారు కాబట్టి ఆవిడా వేసేవారు. వారానికోసారి ఒక చిన్న బకెట్ నీళ్లు తీసి, నిలవపెట్టిన నీళ్లు ఒక బకెట్ పోసేవారు. ఫిల్టరులోని స్పాంజిని, తీసిన ఆ పాతనీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేసేవారు. పేషెంటుకు వయసు మీద పడి ఒక పక్కంతా తెల్లబడింది, తోక చిరుగులు పట్టింది. అయినా అక్కగారు కుర్చీలో కూర్చోగానే ఆ పక్క అద్దం దగ్గరికి వచ్చి నోరు తెరిచేది. "ఆఁ, చెప్పండి, ఏ పన్ను?" అని ఆవిడ అడిగేవారు. రోజుకు ఎన్నిసార్లడిగినా ఆవిడకు విసుగు లేదు, దానికీ లేదు.

నత్తను మింగడానికి ముందురోజు సాయంత్రం హోటలు మేనేజరు ఇంటికి వచ్చారు. ఆ హోటలువాళ్లు కొత్తగా రెండో భవనం కట్టారు. దాని దుప్పట్లు ఎవరికివ్వాలన్నది ఈయన చేతిలో ఉంది. కాఫీ తాగుతూ తొట్టిని చూసి, మేనేజరు గారు సరదాకి అన్నారు.

"ఏమండీ తళతళ గారూ, మా బల్లగుడ్డలు ఉతికిన నీళ్లు పారబోయకుండా ఇందులో దాచారా?"

అందరూ నవ్వారు. తళతళ గారూ నవ్వారు. మేనేజరు గారు వెళ్లేటప్పుడు, "నెలాఖరుకి మళ్లీ వస్తాను, అప్పుడు ఖాయం చేద్దాం," అన్నారు. తలుపు వేశాక తళతళ గారు లైటు వేసి, తొట్టి వెనక న్యూస్‌పేపరు పట్టుకుని చూశారు. హెడ్డింగు తప్ప ఏమీ కనబడలేదు. తల కొట్టేసినట్టయింది.

నత్త పోయాక నాలుగు రోజులకే అద్దానికి పచ్చటి పొర పట్టింది. ఆయన దాన్ని తనను వెక్కిరించడానికే పుట్టినదానిలా చూసి, చొక్కా చేతులు పైకి మడిచారు. ముందు బాదం ఆకును తీసి పారేశారు. తర్వాత గులకరాళ్లను షాపుకు పట్టుకెళ్లి బాయిలర్లో ఉడకబెట్టారు. స్పాంజి వంతు వచ్చేసరికి అక్కగారు అడ్డం పడ్డారు.

"దాన్ని కుళాయి కింద పెట్టకు రా. ఈ బకెట్లో పిండితే చాలు."

"ఈ బకెట్లోవి తొట్టిలో నీళ్లే కదా?"

"అవును."

"అంటే మురికి స్పాంజిని మురికినీళ్లలో ఉతకాలి."

"అలాగే చేసేవాళ్లం. ఎందుకో నాకూ తెలీదు. చేప బతుకుతోంది కదా."

"బతకడం వేరక్కా, శుభ్రం వేరు," అన్నారు తళతళ గారు.

మురికినీళ్లలో ఉతకమన్న మాట షాపులో చెబితే ఇస్త్రీ చేసేవాడు నవ్వి నవ్వి ఒక కాలరు మాడ్చాడు. స్పాంజిని మరిగే నీళ్లలో సోడా వేసి నానబెట్టి, బండకేసి బాది, సబ్బు వదిలేదాకా జాడించి, ఎండలో ఆరబెట్టారు. అది మళ్లీ కొత్తదిలా పసుపుపచ్చగా తయారైంది. తొట్టి నిండా కుళాయి నీళ్లు పట్టారు. రెండు రోజులు నీళ్లు అద్దంలా మెరిశాయి. న్యూస్‌పేపర్లో సినిమా ప్రకటనల దాకా చదవగలిగారు.

మూడోనాడు నీళ్లు పాలలా విరిగాయి.

"అక్కా, ఇందులో ఏం పోశావు?"

"నేనేం పోస్తాను రా?"

"మరి ఊరికే తెల్లబడతాయా?"

"నువ్వు ఉతికేవన్నీ తెల్లబడతాయిగా," అన్నారావిడ.

ఆ తర్వాత ఆయన రోజూ నీళ్లు మార్చారు. తెల్లవారి లేచింది మొదలు గొట్టం, బకెట్లు, తుడుపుగుడ్డలు. మార్చినకొద్దీ నీళ్లు మసకబారాయి. పేషెంటు అడుగుకు దిగడం మానేసి, పైన గాలి దగ్గర వేలాడుతూ నోరు తెరవడం, మూయడం, తెరవడం. ఇదివరకు మూసి తెరవడానికి మధ్య ఒక తీరిక ఉండేది. ఇప్పుడు లేదు.

"దానికి ఊపిరాడ్డం లేదు రా," అన్నారు అక్కగారు.

"దాని తీరే అంత. అందుకేగా మీ డాక్టరు ఆ పేరు పెట్టింది."

తళతళ గారి భార్య పాపం మంచిది. ఎవరికీ చెప్పకుండా చేపల దుకాణానికి వెళ్లి మరో నత్తనడిగింది. దుకాణంవాడు సంగతంతా విని తల పట్టుకున్నాడు. "స్పాంజి ఉతికారా? సోడాతోనా? అమ్మా, ఆ స్పాంజిలో, ఆ రాళ్ల మీద కంటికి కనబడని పురుగులుంటాయమ్మా. చేప వదిలే విషాన్ని తిని నీళ్లను కాపాడేది అవే. మీరు ఉతికి పారేసింది వాటినే. నత్త వద్దు, ఏమీ వద్దు. ఇక దాన్ని ముట్టుకోకుండా వదిలేయమనండి, కొన్నాళ్లకు నీళ్లు వాటంతటవే తేటపడతాయి."

ఆవిడ పరుగున ఇంటికొచ్చి చెప్పింది. తళతళ గారు శ్రద్ధగా విన్నారు.

"పురుగులున్నాయన్నాడా?"

"అవునండీ."

"చూశావా మరి! ఉతికి ఎంత మంచిపని చేశానో!"

అక్కగారు ఆఖరి ప్రయత్నంగా బేరానికి దిగారు. "ఒరేయ్, దాన్ని నా గదిలో పెట్టేసుకుంటాను. మంచం తీసేయించు, నేను కింద పడుకుంటాను. నీ మేనేజరు వచ్చినప్పుడు తలుపు వేసుకుని కూర్చుంటాం మేమిద్దరం. కిక్కురుమనం."

అక్క నేల మీద పడుకుంటానంటే తళతళ గారు నొచ్చుకున్నారు. "ఛ, ఛ, అదేం మాట? నువ్వు కింద పడుకోవడమేంటి? అయినా దాచుకోవలసిన ఖర్మ మనకేంటక్కా! అదే నీళ్లు, అదే తొట్టి, మళ్లీ ఆయన చేతే బాగుందనిపిస్తాను, చూడు."

రెండుసార్లు ఆవిడ బాదం ఆకు తెచ్చి రాళ్లకింద దాచారు. రెండుసార్లూ ఆయన, కోటు జేబులో మిగిలిపోయిన మిఠాయి కాగితాన్ని పట్టుకున్నట్టు, రెండు వేళ్లతో లాగి పారేశారు. రెండోసారి మందలించారు కూడా. "చిన్నపిల్లలా ఏంటక్కా ఈ పనులు? ఒకపక్క నేను కడుగుతుంటే ఒకపక్క నువ్వు చెత్త వేస్తావు. నీతో వేగడం ఎలా?" ఆ మాట నోరుజారి వచ్చిందే. కానీ ఆ రోజునుంచి ఆవిడ భోజనం చేసిన చోట మెతుకు పడిందేమోనని వంగి వెతుక్కోవడం మొదలుపెట్టారు. దగ్గు వస్తే బాల్కనీలోకి వెళ్లి దగ్గేవారు.

నెలాఖరు ఆదివారం వచ్చింది. ఆశ్చర్యం, నీళ్లలో తెలుపు పోయింది. పేపరు పరీక్షలో ఓ మోస్తరు అక్షరాలు కనబడ్డాయి. కాకపోతే ఎక్కడో పిసరంత పసుపు. మామూలువాళ్ల కంటికి ఆనదు. తళతళ గారి కంటికి కొండంత ఆనింది. తెల్లచొక్కాలో పసుపు మిగిలితే ఏం చేయాలో ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. అక్కగారు స్నానానికి వెళ్లినప్పుడు, షాపునుంచి తెచ్చిన నీలిమందు సీసా మూత తీసి, చుక్క... చుక్క... ఇంకో చుక్క వేసి, గరిటెతో కలిపారు. పసుపు మాయమైంది. నీళ్లు కొత్త దుప్పటిలా, మంచులా, చూస్తుంటే కళ్లు చెదిరేంత తెల్లగా మెరిశాయి. ఆయనకు కళ్లనీళ్లొచ్చాయి. అబద్ధం కాదు, భార్య చూసింది.

మేనేజరు గారు చెప్పిన వేళకే వచ్చారు. తొట్టి ముందు ఆగిపోయారు.

"అబ్బ! ఇది నేను చూసిన తొట్టేనా? ఇందులో నీళ్లున్నట్టే లేవండీ. చేప గాల్లో వేలాడుతున్నట్టుంది."

వేలాడుతూనే ఉంది. ప్లాస్టిక్ మొక్కకూ అద్దానికీ మధ్య నిలువుగా ఇరుక్కుని, అక్కగారి కుర్చీ వైపుకే తిరిగి ఉంది. నోరు తెరిచింది. చాలాసేపటికి మూసింది. ఆవిడ ముందుకు వంగి, అద్దానికి వేలు ఆనించి, పెదవులు కదిలీ కదలకుండా, "నొప్పేం ఉండదు," అన్నారు. అది మళ్లీ నోరు తెరిచింది. ఈసారి మూయలేదు.

"అక్కా, బిస్కెట్లు అందించు," అన్నారు తళతళ గారు హుషారుగా.

ఆవిడ లేచి పళ్లెం అందించారు. ముఖం మారలేదు. కేకల పక్కన కూర్చున్న అలవాటు.

"కదలదేంటండీ ఇది? ఎంత బుద్ధిగా ఉందో!" అన్నారు మేనేజరు గారు బిస్కెట్ కొరుకుతూ.

"క్లినిక్కులో పెరిగింది కదండీ, మర్యాద తెలుసు. వచ్చినవాళ్లని చూసి గంతులేయదు," అన్నారు తళతళ గారు. ఆయన నీళ్లనే చూస్తున్నారు. చేపను చూడలేదు.

"పేరేమైనా పెట్టారా?"

"పేషెంటండీ."

"పేషెంటా!" మేనేజరు గారు పడీపడీ నవ్వి అక్కగారి వైపు తిరిగారు. "ఏం జబ్బమ్మా దీనికి?"

"జబ్బేం లేదండీ," అన్నారావిడ. "శుభ్రం చేశారు."

అంత చమత్కారంగా మాట్లాడే ఆడమనిషిని ఈమధ్యకాలంలో చూడలేదని మేనేజరు గారు మెచ్చుకున్నారు. రెండో భవనం దుప్పట్లు ఖాయమయ్యాయి. తళతళ గారు ఆయన్ను గేటుదాకా సాగనంపి, లోపలికి ఎగురుకుంటూ వచ్చారు.

"చూశావా అక్కా!"

"చూశాను."

అప్పుడు ఆయనా చూశారు. ఆ తర్వాత చేతులు వాటి పని అవి మొదలుపెట్టాయి. చిన్నవలతో చేపను తీశారు. పరీక్షకు వాడిన న్యూస్‌పేపర్లో చుట్టారు. బయట చెత్తడబ్బాలో వేసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చారు. "రేపు కొత్తది తెస్తాలే అక్కా. చిన్నది తెద్దాం. ఎక్కువ మురికి చెయ్యనిది."

అక్కగారు తమ్ముడి చొక్కా చేతి అంచు పట్టుకున్నారు. చిన్నప్పుడు ఆయన బడి చొక్కాలు ఉతికి, ముడతలు అరచేత్తో సాపు చేసి, ఇలాగే చేతి గుండీ పెట్టి పంపింది ఈవిడే. తెలుపంటే ఆయనకు పిచ్చి పట్టింది ఆ చొక్కాలతోనే. ఇప్పుడా అంచు మీద గోరంత నీలం ఉంది.

"తొట్టిలో కూడా వేశావా?"

"మూడు చుక్కలే అక్కా. ఎంత తెల్లచొక్కాకైనా అంతే వేస్తాం."

"మరక పడింది, మార్చుకో," అని ఆవిడ గదిలోకి వెళ్లారు. రెండు రోజుల తర్వాత, క్లినిక్కులో తనతోపాటు పనిచేసిన నర్సమ్మ ఉంటున్న గదికి పెట్టె పట్టుకుని వెళ్లిపోయారు. తళతళ గారు నిజంగానే బాధపడ్డారు. ఆటో దాకా పెట్టె మోశారు. "తొట్టి కూడా తీసుకెళ్లు అక్కా, నీదేగా," అన్నారు. "వద్దులే రా," అన్నారావిడ, "నువ్వంత కష్టపడ్డావు."

కొత్త చేప రాలేదు. తీసుకొద్దామనే రెండుసార్లు దుకాణం దాకా వెళ్లారు. అక్కడి తొట్టెల్లో చేపలు తోక వెనక దారాల్లా వదిలేవి చూసి వెనక్కొచ్చేశారు. మళ్లీ అవన్నీ ఎవరు కడుగుతారు? ఇప్పుడు తొట్టిలో తెల్లటి రాళ్లు, ప్లాస్టిక్ మొక్క, లైటు. అక్కగారి కుర్చీలో కూర్చుని, పొద్దున పేపరును తొట్టి వెనక గోడకు ఆనించి, నీళ్లలోంచే చదువుకుంటారు.

నిన్న పొద్దున నేను కోటు ఇద్దామని వెళ్లేసరికి భార్య కాఫీ గ్లాసు ఠకీమని బల్ల మీద పెట్టి, ఏడవలేక అరుస్తోంది. "చేపను చంపారు, వదినని పంపించారు. పొద్దస్తమానం ఇంట్లో నోరెత్తి మాట్లాడే దిక్కు లేదు నాకు. ఆ ఖాళీ తొట్టి ముందు కూర్చుని ఏం చూస్తారండీ, రోజూ ఏం చూస్తారు?"

తళతళ గారు కళ్లజోడు సర్దుకుని, తల తిప్పకుండా అన్నారు. "ఒకసారి ఇటు రా, చిన్నక్షరాలు కూడా కనబడుతున్నాయి."